వేసవిలో డబ్బులిచ్చే రీసెర్చ్ ఇంటర్న్‌షిప్పులు బీఎస్సీ వాళ్లకి నిజంగా ఉన్నాయా? ఇక్కడ 3,500 కట్టమంటున్నారు

ఆమదాలవలస_కెమిస్ట్రీ
బీఎస్సీ కెమిస్ట్రీ ఆనర్స్, నాలుగో సెమిస్టర్. శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరుగుతోంది. రెండు నెలల ఆన్‌లైన్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్ అట, ఫీజు 3,500 అట, సర్టిఫికెట్ గ్యారంటీ అట. వేసవిలో షార్ట్ టర్మ్ ఇంటర్న్‌షిప్ ఎలాగూ చెయ్యాలి కదా అని క్లాసులో చాలామంది కట్టేస్తున్నారు. పెద్ద సంస్థల్లో అయితే విద్యార్థికే ఎదురు డబ్బులిచ్చి ల్యాబులో పని నేర్పిస్తారని విన్నాను. మనలాంటి కాలేజీల వాళ్లకి అవి వస్తాయా? ఎక్కడ, ఎప్పుడు, ఎలగ అప్లై చెయ్యాలి? ఇప్పటికే ఫిబ్రవరి వచ్చేసింది. టెన్త్ 92 శాతం, ఇంటర్ ఎంపీసీ 94, డిగ్రీ సీజీపీఏ 8.3.

ఏడురోడ్లు
కట్టకు. "గ్యారంటీ" అన్న మాట ఉందంటే అక్కడ ఎంపిక లేదని అర్థం. ఎంపిక లేని దానికి సర్టిఫికెట్ ఉన్నా ఎమ్మెస్సీ ఇంటర్వ్యూలో ఎవరూ పట్టించుకోరు.

గంటస్తంభం
ఉన్నాయి, వస్తాయి. అన్నిటికన్నా పెద్దది మూడు జాతీయ సైన్స్ అకాడమీలు కలిసి నడిపే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్. బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీలోని ఇన్సా, ప్రయాగ్‌రాజ్‌లోని నాసి. దరఖాస్తు ఒక్కటే, వేరువేరుగా పెట్టక్కర్లేదు. ఎనిమిది వారాలు దేశంలో ఏదో ఒక పరిశోధన సంస్థలోనో యూనివర్సిటీలోనో ఒక గైడ్ దగ్గర పని చేస్తారు. కొన్నేళ్ల కిందటి ప్రకటనల్లో విద్యార్థికి నెలకు 12,500, పైన రైలు ఛార్జీ. లెక్చరర్లకి కూడా విడిగా ఉంది, అది మన మాస్టార్లలోనే చాలామందికి తెలీదు.

దరఖాస్తులో అడిగేవి: టెన్త్ నుంచి ఇప్పటిదాకా మార్కులు, వాటి స్కాన్ కాపీలు, ఏ విషయం మీద పని చెయ్యాలనుకుంటున్నారో ఒక చిన్న రాత, ఒక టీచరు ఆన్‌లైన్‌లో ఇచ్చే సిఫారసు ఉత్తరం. చూడ్డానికి నాలుగే. మన దగ్గర దరఖాస్తులు పోయేది ఎక్కువగా ఈ నాలుగో దాంట్లోనే. సిస్టం నుంచి టీచరు మెయిల్‌కి లింకు వెళ్తుంది. ఆ మెయిల్ స్పామ్‌లో పడుతుంది, లేదంటే ఆ మాస్టారు ఆ మెయిల్ తెరిచి ఏడాది అవుతుంది. గడువు దాటాక చూస్తారు. కుర్రాడు తన వైపు సబ్మిట్ అయిపోయింది కదా అనుకుని కూర్చుంటాడు. ఉత్తరం రాని దరఖాస్తు దరఖాస్తు కాదు.

కాబట్టి టీచరు పేరు వేసే ముందే వెళ్లి అడగాలి, ఆయన రోజూ చూసే మెయిల్ ఏదో కనుక్కోవాలి, లింకు వెళ్లిన రోజే దగ్గర కూర్చుని పెట్టించుకోవాలి. ఇందులో మొహమాటం ఏమీ లేదు.

జీడితోట
చెప్పింది బాగానే ఉంది గానీ ఆ ఫెలోషిప్ గడువు నవంబరు ప్రాంతంలోనే అయిపోతుంది కదా. ఫిబ్రవరిలో అడిగిన వాడికి ఇది చెప్తే ఏటి లాభం? ఈ ఏడాదికి అయిపోయినట్టే. కాలేజీ చూపించినదేదో చేసుకుని వచ్చే అక్టోబరుకి రెడీ అవ్వడమే.

కెమ్_మాస్టారు
జీడితోట గారితో ఏకీభవించను. అకాడమీల గడువు పోయిందన్నది నిజం, వేసవి పోయిందన్నది నిజం కాదు. ఫిబ్రవరి, మార్చిల్లో తెరిచేవి ఇంకా ఉన్నాయి.

ఐఐటీ గాంధీనగర్ వేసవి ప్రోగ్రాం ఎనిమిది వారాలు. వారానికి 2,000 లెక్కన ఇస్తూ వచ్చారు, బీఎస్సీ వాళ్లు పెట్టుకోవచ్చు. ఐసర్లు (సైన్సు కోసమే పెట్టిన కేంద్ర విద్యా, పరిశోధన సంస్థలు) ఉన్నాయి: తిరుపతి, బరంపురం. భువనేశ్వర్ దగ్గర అలాంటిదే నైసర్ ఉంది. ఇవి ఒక ఏడాది స్టైపెండ్ ఇస్తే ఇంకో ఏడాది ఇవ్వకపోవచ్చు, ఆ ఏటి ప్రకటన చదివి తేల్చుకోవాలి.

పెట్టే ముందు అర్హత పేరా పూర్తిగా చదువు. ఐఐటీ మద్రాస్ వేసవి ఫెలోషిప్ పేరు అందరికీ తెలుసు, ఎగబడి పెడతారు. అది బీటెక్ మూడో ఏడాది, ఎమ్మెస్సీ మొదటి ఏడాది వాళ్లని ఉద్దేశించింది. బీఎస్సీ రెండో ఏడాది వాళ్లు ఎంత బాగా నింపినా మొదటి వడపోతలోనే పోతుంది. ముంబై పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ వాళ్ల వేసవి ప్రోగ్రాం వీఎస్‌ఆర్‌పీలో సబ్జెక్టుకో అర్హత. ఫిజిక్స్ వాళ్లకి రాసింది కెమిస్ట్రీకి వర్తించదు.

వంశధార22
అమెరికాలో డిగ్రీ విద్యార్థులకి ఆర్‌ఈయూ అని వేసవి రీసెర్చ్ ప్రోగ్రాంలు ఉంటాయి, పది వారాలు, స్టైపెండ్ చాలా ఎక్కువ. వాటికి పెడితే?

గంటస్తంభం
అమెరికా ప్రభుత్వ సైన్స్ సంస్థ ఎన్‌ఎస్‌ఎఫ్ డబ్బుతో నడిచే ఆర్‌ఈయూలు అమెరికా పౌరులకి, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవాళ్లకి మాత్రమే. మన వాళ్లు రాత్రంతా కూర్చుని వ్యాసాలు రాసి చివర్లో పౌరసత్వం గడి దగ్గర ఆగిపోతారు. బయటి దేశం కావాలంటే కెనడా వాళ్ల మైటాక్స్ గ్లోబలింక్ చూడు. పన్నెండు వారాలు. దానికి గడువు ముందు ఏడాది సెప్టెంబరులోనే ఉంటుంది, పాస్‌పోర్టు ముందే చేయించుకోవడం మంచిది.

లెక్కల_పిచ్చి
మ్యాథ్స్ వాళ్లని అందరూ మర్చిపోయారు. ఎమ్‌టీటీఎస్ అనే మ్యాథ్స్ శిక్షణ శిబిరం 1993 నుంచి నడుస్తోంది. వేసవిలో నాలుగు వారాలు, మూడు స్థాయులు. స్టైపెండ్ ఉండదు గానీ తిండి, బస ఉచితం, స్లీపర్ ఛార్జీ తిరిగి ఇస్తారు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ప్రశ్నలే. "దీన్ని ఎందుకు నమ్మాలి, నిరూపించు" అంటారు. గైడు చూసి బిట్లు బట్టీ పట్టినవాళ్లు మొదటి వారం గిలగిల్లాడతారు. నాలుగో వారానికి బోర్డు దగ్గరికి తామే వెళ్తారు. మన జిల్లాల్లో మ్యాథ్స్ బాగా వచ్చే గుంటలు ఎంతమందో! ఒక్కొక్కరికీ ఇది తెలియాలని నా ఆశ.

మొదటేడు_బయాలజీ
నాది ఫస్టియర్, జువాలజీ. నాకు ఏమైనా ఉందా, లేక ఆగాలా?

గంటస్తంభం
ఫస్టియర్ వాళ్లకే పనికొచ్చేవి రెండు. ముంబై మాన్‌ఖుర్ద్‌లో హోమీ భాభా సెంటర్ డిగ్రీ విద్యార్థులకి నడిపే సైన్స్ ప్రోగ్రాం నియుస్. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీలకి క్యాంపులు విడివిడిగా ఉంటాయి. క్యాంపులో బాగా చేసినవాళ్లకి ప్రాజెక్టు ఇస్తారు. ప్రయాణం, బస వాళ్లదే. రెండోది బెంగళూరు జక్కూరులోని పరిశోధన సంస్థ జేఎన్‌సీఏఎస్‌ఆర్ వాళ్ల పీఓసీఈ, పీఓబీఈ. మొదటిది కెమిస్ట్రీకి, రెండోది బయాలజీకి. బీఎస్సీ మొదటి ఏడాదిలో ఎంపికైతే వరసగా మూడు వేసవులు అక్కడికే వెళ్లి పని చెయ్యొచ్చు. సెకండియర్‌లోకి వచ్చాక పెట్టడానికి ఉండదు, అందుకే ఇప్పుడే చూసుకో.

విజయనగరం_ఫిజిక్స్
ఇంత సేపూ ఎవరూ కేంద్ర ప్రభుత్వ ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ మాట ఎత్తలేదు. మన జిల్లాల పిల్లలకి దగ్గరలో ఉన్న డబ్బు అదే. ఇంటర్ బోర్డులో పై 1 శాతంలో ఉండి బీఎస్సీలోనో ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలోనో సహజ శాస్త్రాలు తీసుకుంటే ఏడాదికి 80,000. అందులో 60,000 ఖాతాలో పడుతుంది, 20,000 వేసవి ప్రాజెక్టు కోసం. ప్రాజెక్టు అంటే ఢిల్లీయో బెంగళూరో పోనక్కర్లేదు. పీహెచ్‌డీ ఉండి పరిశోధన చేస్తున్న లెక్చరరు దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు చేస్తే చాలు. ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలో అయినా, విశాఖ ఏయూలో అయినా.

ఎక్కడ దెబ్బతింటారంటే: దరఖాస్తు డిగ్రీ మొదటి ఏడాదిలోనే పెట్టాలి. 18 సబ్జెక్టుల జాబితా ఉంది, బయోటెక్నాలజీ, కంప్యూటర్ సైన్స్ అందులో లేవు. ఇక ఏటా ప్రాజెక్టు రిపోర్టు, గైడ్ సంతకంతో సర్టిఫికెట్, మార్కుల పత్రం పోర్టల్లో ఎక్కించాలి. రిపోర్టు ఎక్కించకపోతే తర్వాతి ఏడాది డబ్బు ఆగిపోతుంది. మొదటి ఏడాది 60,000 పడగానే పండగ చేసుకుని, రిపోర్టు సంగతి మర్చిపోయి, రెండో ఏడాది ఎందుకు పడలేదో తెలీక తిరిగేవాళ్లు ప్రతి కాలేజీలో ఉన్నారు.

ఆమదాలవలస_కెమిస్ట్రీ
ఇన్‌స్పైర్ నేను ఫస్టియర్‌లో పెట్టలేదు, తెలీదు. ఇప్పుడు ఫిబ్రవరిలో నాకు మిగిలినవి గాంధీనగర్, ఐసర్లు, నైసర్. ఇంకేం లేవా? ప్రొఫెసర్లకి నేరుగా మెయిల్ పెట్టొచ్చంటారు, జవాబిస్తారా?

నాగావళి_ల్యాబ్
ఇస్తారు, సరిగ్గా రాస్తే. ప్రకటనలు రాకుండా భర్తీ అయ్యే సీట్లు చాలానే ఉంటాయి. ప్రొఫెసరు దగ్గర నడుస్తున్న ప్రాజెక్టు ఉంటే అందులోంచి వేసవి విద్యార్థికి కొంత ఇవ్వగలరు. ప్రాజెక్టు లేకపోతే మంచి మాట చెప్తారు, డబ్బు ఉండదు. అందుకే ముందు వాళ్ల వెబ్‌పేజీలో ఇప్పుడు నడుస్తున్న ప్రాజెక్టులు చూడాలి. ముగిసిపోయిన ప్రాజెక్టు పేరు చూసి రాయకూడదు.

మెయిల్ ఎలగ ఉండాలో చెప్తాను. సబ్జెక్ట్ లైన్‌లో ఏ నెలలు, ఏ చదువు, ఏ విషయం, అంతే. మొదటి వాక్యంలో నువ్వెవరో. రెండో పేరాలో వాళ్ల ఈమధ్య పేపరు ఒకటి చదివి, అందులో నీకు అర్థమైన ఒక విషయం, అర్థం కాని ఒక ప్రశ్న. పేపరు పేరు ఒక్కటే రాసి "చాలా ఆసక్తికరంగా ఉంది" అంటే చదవలేదని వాళ్లకి వెంటనే తెలిసిపోతుంది. మూడో పేరాలో నువ్వు చేతితో చెయ్యగల పనులు. చివర్లో తేదీలు, స్టైపెండ్ అవకాశం ఉందా అన్న సూటి ప్రశ్న. మొత్తం 200 మాటలు దాటకూడదు. ఒక పేజీ సీవీ, మార్కుల పట్టిక, రెండూ ఒకే పీడీఎఫ్‌లో. ఫైలు పేరు నీ పేరుతో ఉండాలి, "కొత్త ఫైనల్ రెండు" అని కాదు.

ఒకే మెయిల్‌లో నలభై మందిని పెట్టి పంపడం మహా పాపం. ఒక్కరికి ఒక్క మెయిల్. పది రోజులకి జవాబు రాకపోతే అదే మెయిల్ కింద రెండు వాక్యాలు గుర్తుచెయ్యి. అప్పటికీ రాకపోతే వదిలెయ్యి.

కోటజంక్షన్
డబ్బు ఇవ్వకపోయినా మంచి ల్యాబ్ దొరికితే వెళ్లిపోవడమే మేలు. డబ్బు కోసం చూసుకుంటూ మంచి గైడ్‌ని వదులుకోకూడదు.

జీడితోట
అది అందరికీ కుదరదు కోటజంక్షన్ గారూ. వేసవిలో రెండు నెలలు ఇంటి పనికో కూలికో పోయి ఫీజు కూడబెట్టే పిల్లలున్న ఇళ్లు ఇక్కడ తక్కువేమీ కాదు. పలాస చుట్టుపక్కల ఆ రోజుల్లో జీడి పని నడుస్తుంటుంది, ఒక చెయ్యి తగ్గితే ఇంట్లో లెక్క మారిపోతుంది. వాళ్లకి స్టైపెండ్ ఉంటేనే రీసెర్చ్, లేకపోతే లేదు. డబ్బులిచ్చేవి ముందు, ఇవ్వనివి తర్వాత. ఆ వరసే సరైనది.

కెమ్_మాస్టారు
జీడితోట గారు ఈసారి చెప్పింది అక్షరాలా నిజం. ఇంకో మాట. ఇస్రో కేంద్రాల్లో విద్యార్థి ప్రాజెక్టులకి స్టైపెండ్ ఉండదు. ఆ పేరు విని పిల్లలు అదే మొదట పెడతారు. కొన్ని జాతీయ ల్యాబుల్లో డిగ్రీ, పీజీ ప్రాజెక్టులకి విద్యార్థే బెంచ్ ఫీజు కట్టాలి. అవి మోసాలు కావు, రసాయనాల ఖర్చు కింద తీసుకుంటారు. కానీ మనం వెతికేది అది కాదు. ఒప్పుకునే ముందు మూడు అడగాలి: స్టైపెండ్ ఉందా, బెంచ్ ఫీజు ఉందా, హాస్టల్ దొరుకుతుందా. ఈ మూడూ మెయిల్‌లోనే రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.

అలాగే దరఖాస్తుకి వంద, రెండొందలు ప్రాసెసింగ్ ఫీజు తీసుకునే మంచి సంస్థలూ ఉన్నాయి. అది వేరు, ఎంపికయ్యాక వేలల్లో కట్టమనడం వేరు.

ఆమదాలవలస_కెమిస్ట్రీ
చేతితో చెయ్యగల పనులు అన్నారు కదా నాగావళి గారూ. మా ల్యాబులో టైట్రేషన్లు, సాల్ట్ అనాలిసిస్, ఒక పాత యూవీ విజిబుల్ స్పెక్ట్రోఫోటోమీటరు (ద్రావణం ఎంత కాంతి పీలుస్తుందో కొలిచే మిషన్). అవి రాస్తే నవ్వరా?

నాగావళి_ల్యాబ్
నవ్వరు, కానీ అడుగుతారు. సీవీలో యూవీ విజిబుల్ అని రాసినవాళ్లని చాలాచోట్ల అడిగే ప్రశ్న: "280 నానోమీటర్ల దగ్గర ప్రొటీన్ కొలవాలి, ఏ క్యూవెట్ (ద్రావణం పోసి పెట్టే చిన్న పాత్ర) తీసుకుంటావు?" మామూలు గాజు ఆ ప్రాంతంలో కాంతిని తనే మింగేస్తుంది. సుమారు 340 కంటే కిందికి వెళ్తే క్వార్ట్జ్ కావాలి. తర్వాత ప్రశ్న: "అబ్సార్బెన్స్ 2.6 వచ్చింది, ఏం చేస్తావు?" ద్రావణాన్ని పలచన చేసి 0.1కీ 1కీ మధ్యకి తెచ్చి మళ్లీ కొలుస్తానని చెప్పాలి, ఎందుకో కూడా చెప్పాలి. 2.6 అంటే వెళ్లిన కాంతిలో సుమారు నాలుగొందల వంతు మాత్రమే అవతలికి వస్తోంది. మిషన్లో అటూఇటూ తిరిగే కొద్దిపాటి కాంతే అప్పుడు రీడింగుని పాడు చేస్తుంది.

మైక్రోపిపెట్ (కొద్దిపాటి ద్రవాన్ని కొలిచి తీసే పరికరం) ఉంటే ఇంకో పని చేసి చూడు. 1000 మైక్రోలీటర్లు పెట్టి స్వేదన జలం తీసి బ్యాలన్స్ మీద బీకరులో వెయ్యి, పదిసార్లు. 20 డిగ్రీల దగ్గర ఒక్కోసారి 0.998 గ్రాముల చుట్టూ రావాలి. మన మే నెల ఎండకి గదిలో నీళ్లు 32, 33 డిగ్రీలుంటే 0.995 చుట్టూ. పది రీడింగుల సగటు, ప్రామాణిక విచలనం లెక్కగట్టి నోటుబుక్కులో పెట్టుకో. బొటనవేలు వదిలేటప్పుడు గబుక్కున వదిలితే గాలి బుడగ పోయి తక్కువ వస్తుంది, చివర ఉన్న టిప్ మరీ లోతుగా ముంచితే బయట అంటుకున్న చుక్క వల్ల ఎక్కువ వస్తుంది. ఈ రెండు తప్పుల్నీ నీ రీడింగుల్లో నువ్వే పట్టుకోగలిగితే, "పిపెటింగ్ వచ్చు" అన్న మాట కంటే ఆ ఒక్క పేజీకి విలువెక్కువ. సీవీలో అలాగే రాయి: పిపెట్ క్రమాంకనం, ఇన్ని రీడింగులు, విచలనం ఇంత.

బోటనీ_మేడం
నాగావళి గారి పోస్టు ప్రింటు తీసి డిపార్ట్‌మెంట్ బోర్డు మీద పెడుతున్నాను.

మార్కుల గురించి ఒకటి కలుపుతాను. సీజీపీఏని శాతంలోకి మార్చేటప్పుడు పిల్లలు సొంత లెక్క వేసేస్తారు. 8.3 అంటే 83 అని రాసేసి, తర్వాత యూనివర్సిటీ సూత్రం వేరని తేలితే దరఖాస్తులో తప్పు సమాచారం ఇచ్చినట్టవుతుంది. యూనివర్సిటీ సూత్రం మెమో వెనకాల ఉంటే అది, లేకపోతే పరీక్షల విభాగం నుంచి కాగితం. సెమిస్టర్ మెమోలు చేతికి రాకపోతే ఆన్‌లైన్ ఫలితం ప్రింటు తీసి ప్రిన్సిపల్ సంతకం, స్టాంపు వేయించండి, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

ఇంటర్న్‌షిప్ లెక్కలోకి రావాలంటే వెళ్లకముందే ప్రిన్సిపల్ గారికి దరఖాస్తు ఇచ్చి అనుమతి తీసుకోవాలి. ఎంపిక ఉత్తరం కాపీ జతచెయ్యాలి. అక్కడ రోజువారీ లాగ్‌బుక్ రాసి గైడ్ చేత వారానికోసారి సంతకం పెట్టించుకోవాలి. ఎనిమిది వారాల్లో కాలేజీ అడిగే గంటల కంటే ఎక్కువే అవుతాయి. తిరిగొచ్చాక అడిగితే "మాకు చెప్పలేదు" అంటారు, అప్పుడు ఆ పిల్లాడు మళ్లీ ఇంకో ఇంటర్న్‌షిప్ చెయ్యాల్సొస్తుంది.

రాజాం_అమ్మ
మా అమ్మాయిది సెకండియర్ మైక్రోబయాలజీ, వెళ్తానంటోంది. రెండు నెలలు ఒక్కర్తీ అంత దూరం. హాస్టల్ అవీ ఎలా ఉంటాయి? ఇంట్లో మావారు ఒప్పుకోవట్లేదు.

బోటనీ_మేడం
రాజాం అమ్మగారూ, ఆ భయం మామూలే. అకాడమీలు పంపే సంస్థలు, ఐసర్లు, ఐఐటీల్లో చాలాచోట్ల క్యాంపస్ లోపలే అమ్మాయిల హాస్టల్ ఉంటుంది, గేటు దగ్గర సెక్యూరిటీ, మెస్ కూడా లోపలే. అయితే హాస్టల్ ఖాయమని అనుకోకండి. వేసవిలో గదులు నిండిపోయి బయట పేయింగ్ గెస్ట్‌గా ఉండమనే చోట్లూ ఉన్నాయి. ఎంపిక ఉత్తరం రాగానే హాస్టల్ కేటాయింపు అయిందా అని ఆఫీసుకి మెయిల్ పెట్టించండి. జవాబు వచ్చాకే టికెట్. మొదటిసారి అమ్మాయితోపాటు మీవారే వెళ్లి ల్యాబు, హాస్టల్ చూసి గైడ్‌తో మాట్లాడి రండి. చూసొచ్చాక ఇంట్లో మాట మారుతుంది.

మొదటి ఏడాదికి దగ్గరది ఎంచుకున్నా తప్పు లేదు. పలాస నుంచి బరంపురం రైల్లో గంటన్నర లోపే. మీ రాజాం నుంచి విశాఖ కూడా దూరం కాదు, అక్కడ సముద్ర పరిశోధన సంస్థ ఎన్‌ఐఓ ప్రాంతీయ కేంద్రం ఉంది, ఏయూ ఉంది.

రాజాం_అమ్మ
బరంపురం అంటే ఆయన ఒప్పుకోవచ్చు. సాయంత్రం ఇది చదివి వినిపిస్తాను.

ఉద్దానం_నీళ్లు
దగ్గర అన్నారు కాబట్టి: ఇన్‌స్పైర్ ఉన్నవాళ్లు ప్రాజెక్టు కోసం దేశం తిరగక్కర్లేదు, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మన ఉద్దానం ఊళ్లే ఉన్నాయి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు. బోరు నీళ్లు తీసుకుని పరీక్షించండి, జనం రక్తం, మూత్రం శాంపిల్స్ కూడా తీసుకుంటే బలమైన ప్రాజెక్టు అవుతుంది.

కెమ్_మాస్టారు
నీళ్లు సరే, రక్తం, మూత్రం జోలికి మాత్రం వెళ్లొద్దు. మనుషుల నుంచి శాంపిల్ తియ్యాలంటే సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి, ఒక్కొక్కరి రాతపూర్వక అంగీకారం ఉండాలి. ఒక వేసవిలో డిగ్రీ విద్యార్థికి అది అయ్యే పని కాదు. పైగా ఎన్నో పరీక్షలు చేయించుకుని విసిగిపోయిన ఊళ్లు అవి. ఫలితం తిరిగి వాళ్లకి చెప్పలేని శాంపిల్ తియ్యకూడదు. ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. "ఫ్లోరైడ్ వల్లే కిడ్నీలు పోతున్నాయి" అని రిపోర్టులో రాసేస్తే అది సైన్సు కాదు.

నీళ్ల ప్రాజెక్టు మాత్రం చక్కగా చెయ్యొచ్చు. బోరు కొట్టి నిలవ నీళ్లు పోయేదాకా ఐదు నిమిషాలు వదిలాకే పట్టాలి. పాలిథిన్ సీసాలు, ఫ్లోరైడ్‌కి గాజు వాడకూడదు. అదే నీళ్లతో సీసా మూడుసార్లు కడిగి నింపాలి. లోహాల కోసం పట్టే సీసాలో నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కిందికి తేవాలి, ఫ్లోరైడ్ సీసాలో ఆమ్లం వెయ్యకూడదు. ఈ రెండు సీసాలూ తారుమారైతే నెల పని గంగలో కలుస్తుంది, మూత మీద కాక సీసా ఒంటి మీద రాయండి, మూతలు మారిపోతాయి. పీహెచ్, వాహకత, ఉష్ణోగ్రత అక్కడికక్కడే కొలవాలి. కాఠిన్యం ఈడీటీఏ టైట్రేషన్‌తో మన కాలేజీలోనే అవుతుంది. ఫ్లోరైడ్‌కి అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ ఉంటే టీసాబ్ అనే బఫర్ ద్రావణం కలిపి కొలవాలి. అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ని పట్టేసుకుని తక్కువ చూపిస్తాయి, టీసాబ్ దాన్ని విడిపిస్తుంది. తాగునీటి ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము, వేరే దారి లేకపోతే 1.5 వరకు.

బోర్లు ఎన్ని చూశారన్న దానికంటే అవే బోర్లు వానకి ముందు, వాన తర్వాత రెండుసార్లు చూశారా అన్నది ముఖ్యం.

ఉద్దానం_నీళ్లు
ఎథిక్స్ మాట నాకు తట్టలేదు. సరే, నీళ్ల వరకే. బోరు లోతు, వాడకం కూడా రాసుకుంటే బావుంటుంది కదా, కొబ్బరితోటలో బోరు, ఇంటి బోరు విడివిడిగా.

కెమ్_మాస్టారు
తప్పకుండా. లోతు తెలియని బోరు రీడింగు సగం రీడింగే.

బ్యాంకు_కౌంటర్
స్టైపెండ్ మంజూరయ్యాక కూడా ఖాతాలో పడకపోవడం మామూలు, కారణాలు ఇవి. ఖాతా విద్యార్థి పేరు మీదే ఉండాలి, నాన్నగారిది పనికిరాదు. చిన్నప్పుడు మైనరుగా తెరిచిన ఖాతా అయితే 18 నిండాక కేవైసీ కొత్తగా చేయించాలి, లేదంటే ఆపేస్తారు. పూర్తి కేవైసీ లేకుండా తెరిచిన చిన్న ఖాతాలో 50,000కి మించి నిలవ ఉండకూడదు, ఏడాది జమలు లక్ష దాటకూడదు, నెలకి 10,000కి మించి తియ్యలేరు. ఇన్‌స్పైర్ 60,000 ఒకేసారి వస్తే వెనక్కి పోతుంది. రెండేళ్లు లావాదేవీ లేని ఖాతా నిద్రలోకి పోతుంది. మార్చిలోనే బ్రాంచికి వెళ్లి "పూర్తి కేవైసీ ఉందా" అని ఒక్క ప్రశ్న అడగండి. ఆధార్‌లో ఇంటిపేరు ఒక తీరు, మెమోలో ఒక తీరు ఉంటే అదీ ఇప్పుడే సరిచేయించండి.

గంటస్తంభం
దీనికి తోడు: స్టైపెండ్ చాలాచోట్ల ముందు ఇవ్వరు. చేరాక కొంత, రిపోర్టు ఇచ్చాక మిగిలింది, లేదా మొత్తం చివర్లో. మెస్‌కి రోజుకి 150 నుంచి 200 వేసుకుంటే 56 రోజులకి 8,400 నుంచి 11,200. అంత చేతిలో పెట్టుకుని బయల్దేరాలి. ఇల్లు సర్దలేకపోతే గైడ్‌కి ముందే చెప్పండి, సిగ్గుపడొద్దు. మెస్ బిల్లు చివర్లో కట్టేలా ఆఫీసుతో మాట్లాడిపెట్టే గైడ్లు ఉంటారు.

స్టేషన్‌రోడ్
రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. మే మొదట్లో వెళ్లాలంటే మార్చి మొదట్లో తీసేయాలి, పెళ్లిళ్ల రోజులు. బెంగళూరుకి ప్రశాంతి, ముంబైకి కోణార్క్, హైదరాబాదుకి విశాఖ, ఈస్ట్‌కోస్ట్. శ్రీకాకుళం రోడ్డులోనూ విజయనగరంలోనూ ఆగుతాయి. ఛార్జీ తిరిగి ఇచ్చే చోట టికెట్ పీడీఎఫ్ చెరిపెయ్యకండి, ఏ క్లాసు వరకు ఇస్తారో ముందే చూసుకోండి.

వంశధార22
పరీక్షలు మేలో పడితే? ఫెలోషిప్ మే మొదటి వారంలో మొదలవుతుంది, నాలుగో సెమిస్టర్ పరీక్షలు మే చివరిదాకా సాగితే ఏం చెయ్యాలి?

బోటనీ_మేడం
ఎంపిక ఉత్తరానికి జవాబు రాసేటప్పుడే పరీక్షల సంగతి చెప్పి, జూన్ మొదటి వారం నుంచి జూలై చివరి వరకు ఇవ్వగలరా అని అడగండి. చాలామంది గైడ్లు తేదీలు సర్దుతారు. పని మధ్యలో పరీక్షకని వారం మాయమవడాన్ని మాత్రం ఎవరూ సహించరు, అప్పటికి కల్చర్లు చచ్చిపోతాయి. జూలైలో అయిదో సెమిస్టర్ మొదలైతే హాజరు కోసం ప్రిన్సిపల్ అనుమతి పత్రంలో ఆ తేదీలు కూడా రాయించుకోండి.

ఆమదాలవలస_కెమిస్ట్రీ
3,500 కట్టట్లేదు, క్లాసు గ్రూపులో ఈ లింకు పెట్టేశాను. ఈ వారం గాంధీనగర్, బరంపురం, తిరుపతి, నైసర్ ప్రకటనలు చూస్తాను. నీటి శుద్ధి మీద పని చేసే ప్రొఫెసర్లు ఆరుగురి పేజీలు తీశాను, ఒక్కొక్కరి పేపరు ఒకటి చదివాకే మెయిల్. చివరి ప్రశ్న. సిఫారసు ఉత్తరం ప్రిన్సిపల్ గారి చేత రాయిస్తే బరువుంటుందా, లేక మా కెమిస్ట్రీ మాస్టారి చేతా? ఆయన కాంట్రాక్టు లెక్చరరు, అందుకే అడుగుతున్నాను.

కెమ్_మాస్టారు
మీ మాస్టారి చేతే. ప్రిన్సిపల్ గారి ఉత్తరంలో "క్రమశిక్షణ గల విద్యార్థి" అని ఉంటుంది, అది అందరికీ ఒకటే. నీ టైట్రేషన్ రీడింగులు మూడూ కలవనప్పుడు బ్యూరెట్ చివర బుడగ నువ్వే పట్టుకున్నావని రాయగలిగేది నిన్ను ల్యాబులో చూసినవాడే. ఆయన కాంట్రాక్టా రెగ్యులరా అని ఎంపిక చేసేవాళ్లు చూడరు. సంస్థ మెయిల్ ఐడీ ఉంటే అది ఇమ్మను. లేకపోతే కాలేజీ లెటర్‌హెడ్ మీద ప్రింటు తీసి సంతకం చేసి స్కాన్ చేసి పెట్టమను. ఆయనకి నీ సీవీ, మెమోలు, నువ్వు చేసిన పనుల జాబితా ఒక కాగితం మీద ఇవ్వు, గడువు తేదీ పైన ఎర్రసిరాతో రాసి. గాంధీనగర్‌ది ముందు చూడు, గడువు ఏ రోజో చూసి ఇక్కడ రాయి.

ఆమదాలవలస_కెమిస్ట్రీ
ప్రకటన తెరవగానే రాస్తాను మాస్టారూ. పిపెట్ రీడింగులు రేపు ప్రాక్టికల్ అయ్యాక తీసి పెడతాను, సగటు సరిగ్గా రాకపోతే తిట్టకండి.

నాగావళి_ల్యాబ్
పది రీడింగులూ పెట్టు, నచ్చనివి తీసెయ్యకుండా. గది ఉష్ణోగ్రత కూడా రాయి.